కాగితపు ఇటుక

కందిరీగ గూటిని చూడని పల్లెబిడ్డ ఉండడు. చూరు క్రిందను, కిటికీ మూలలందును, చెట్టుకొమ్మల చాటునను బూడిదవన్నె గల చిన్న గొడుగువలె అది వ్రేలాడుచుండును. ఈగలు విడిచిపోయిన గూటిని చేతితో నలిపి చూచినచో ఎండిన కాగితమువలె గరగరలాడును. అది నిజముగా కాగితమే. కందిరీగ ఎండిన కట్టెనుండి సన్నని పీచును గీకి, నోట నమలి, లాలాజలముతో తడిపి, పలుచని రేకులుగా పరచి, అరలు అరలుగా ఇల్లు కట్టుకొనును. ఐరోపాలో చింకిగుడ్డలతో కాగితము చేయుచున్న కాలమున, 1719లో, ఫ్రాన్సు దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు రెయమ్యూర్ ఈ గూటిని పరిశీలించి, కట్టెపీచునుండియు కాగితము చేయవచ్చునని సూచించెను.

కందిరీగ కాగితముతో ఇల్లు కట్టుకొనగా మనుష్యుడు కట్టుకొనలేడా? నిలుకడ లేని దానిని పేకమేడ యనుట తెలుగువారి వాడుక. ఊదినంతనే కూలునది పేకమేడ. కావున కాగితముతో గోడ కట్టవచ్చునని ఎవరైన చెప్పినచో వినువారు నవ్వుట సహజము. అయినను పాతకాగితమును సిమెంటుతో కలిపి ఇటుకలు చేయుటయు, వానితో గోడలు పెట్టుటయు కొన్ని దేశములలో జరిగిన పని. ఆ ఇటుకను ఎట్లు చేయుదురో, ఎట్లు పరీక్షింపవలెనో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసికొందము.

తెలుగు ఇల్లాండ్రకు కాగితపు ముద్ద క్రొత్తది కాదు. పాతకాగితములను రెండు మూడు దినములు నానబెట్టి, నానిన మెంతులతో చేర్చి రోటిలో రుబ్బి, ఆ ముద్దను వెదురు చేటలకును బుట్టలకును పూసి ఎండనిచ్చుట పల్లెలలో వాడుక. పూత ఆరిన పిదప చేట సందులు మూసికొనిపోవును. పిండి రాలదు, నూక జారదు. ఆ పూతకు ఒడలు కాగితపు పీచు. కట్టు మెంతుల జిగురు. అయితే నీరు తగిలినచో ఆ పూత మరల మెత్తబడును. జిగురునకు బదులుగా నీటిలో కరగని కట్టు ఒకటి దొరకినచో ఆ ముద్దయే గోడకు పనికివచ్చును గదా! సిమెంటు అట్టి కట్టు.

ఒక కాగితమును చించి, చినిగిన అంచును వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో నూగువంటి సన్నని పోగులు కనబడును. ఇవి కట్టెనుండియు, వెదురునుండియు, గడ్డినుండియు తీసిన పీచు. దీని మూలపదార్థమునకు సెల్యులోజు అని పేరు. కాగితము చేయునప్పుడు నీటిలో తేలియాడు ఈ పోగులను జల్లెడపై పలుచగా పరచి ఆరబెట్టుదురు. నీరు పోయినకొలది పోగులు ఒకదానినొకటి అంటుకొని పట్టుకొనును. మరల నీరు చేరినచో ఆ పట్టు సడలును. వానలో తడిసిన వార్తాపత్రిక చేతిలో విడిపోవుటకు కారణమిదియే. కాగితము మరల గుజ్జు కాగలుగుటకు కారణమును ఇదియే. ఒకే గుణము ఒకచోట లోపమై, వేరొకచోట ఉపకారమగుచున్నది.

ఇక సిమెంటు సంగతి. సున్నపురాతిని బంకమన్నుతో చేర్చి సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చి, వచ్చిన గడ్డలకు కొద్దిగా జిప్సము చేర్చి మెత్తని పొడి చేసినచో సిమెంటు అగును. 1824లో ఇంగ్లండు దేశమున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు తాను చేసిన ఇట్టి పొడికి పోర్టులాండు సిమెంటు అని పేరుపెట్టి పేటెంటు పొందెను. సిమెంటు బురదవలె ఎండి గట్టిపడునని చాలమంది తలతురు. అది పొరపాటు. సిమెంటు నీటితో రసాయనికముగా కలిసి గట్టిపడును. నీరు ముందుగానే ఎండిపోయినచో దాని బలము సగములోనే నిలిచిపోవును. క్రొత్తగా కట్టిన గోడను తాపీమేస్త్రి దినమునకు పలుమారులు తడుపుట అందుకొరకే.

పీచును సిమెంటును కలిపినచో ఏమగునో తెలియుటకు పల్లెలోని మట్టిగోడయే చాలును. గోడకు మన్ను త్రొక్కునప్పుడు దానిలో వరిగడ్డి ముక్కలో, ఊకయో కలుపుదురు. ఒట్టి మన్ను ఎండునప్పుడు పగుళ్ళు తీయును. గడ్డి కలిసినచో పగులు సాగకుండ ఆ పోచలు పట్టి ఉంచును. కాగితపు ఇటుకలో మన్నునకు బదులు సిమెంటు, గడ్డికి బదులు కాగితపు పీచు. భేదమేమనగా, గోడలో గడ్డి కొంచెము, మన్ను ఎక్కువ. ఈ ఇటుకలో కాగితపు పీచే మిక్కిలి చోటు ఆక్రమించును. పీచు నడుమ గాలి నిలుచును. అందువలన ఇటుక తేలికయగును. ఇంగ్లీషులో కాగితమునకు, కాంక్రీటునకు గల పేర్లు రెంటిని కలిపి దీనికి పేపర్‌క్రీట్ అని పేరుపెట్టిరి.

1980 తరువాతి సంవత్సరములలో అమెరికా సంయుక్తరాష్ట్రముల నైరుతి భాగమున, న్యూ మెక్సికో, కొలరాడో, ఆరిజోనా, టెక్సాసు రాష్ట్రములలో, తమ ఇండ్లను తామే కట్టుకొనదలచిన కొందరు ఔత్సాహికులు ఈ పనిని చేపట్టిరి. ఆ ప్రాంతమున పచ్చియిటుకలతో ఇండ్లు కట్టుట తరతరముల అలవాటు. కాగితమును గుజ్జు చేయుటకు వారు ఒక యుక్తి పన్నిరి. పాత కారు వెనుక ఇరుసుపై పెద్ద తొట్టిని బిగించి, ఇరుసు నడుమనుండు పళ్ళచక్రములనుండి ఒక కడ్డీని తొట్టిలోనికి నిలిపి, దాని కొనకు గడ్డికోత యంత్రపు కత్తిని తగిలించిరి. ఆ తొట్టిని వేరొక బండి వెనుక కట్టి లాగుకొనిపోయినచో చక్రములతో పాటు కత్తియు తిరిగి కాగితమును చిలికివేయును. ఒకటి రెండు మైళ్ళు తిరిగివచ్చునప్పటికి గుజ్జు సిద్ధము. వారు ఒక్కొక్క మారునకు సుమారు 600 లీటర్ల నీరు, 27 కిలోల కాగితము, 43 కిలోల సిమెంటు, 30 కిలోల ఇసుక కలుపుచుండిరి. ఆ దేశపు సిమెంటు బస్తా తూకము 43 కిలోలు. వారి లెక్కకు బస్తాయే కొలత యయ్యెను.

పాఠశాల ఆవరణలో ఇట్టి ఇటుకలను చేసి చూచుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. 2 కిలోల పొడి కాగితము, 3 కిలోల సిమెంటు, 2 కిలోల సన్న ఇసుక ఉన్నచో ఏడెనిమిది ఇటుకలు వచ్చును. కాగితమును నానబెట్టుటకు ముందే తూచవలెను. నానిన కాగితములో నీరెంతయో కాగితమెంతయో చెప్పుట కష్టము. వార్తాపత్రికలు, వ్రాసిన నోటుపుస్తకములు, అట్టలు పనికివచ్చును. పుస్తకములకు గ్రుచ్చిన ఇనుప పిన్నులను ముందుగా ఊడదీయవలెను. మైనము, ప్లాస్టికు పూసిన కాగితము నానదు, దానిని విడిచిపెట్టవలెను. మిఠాయి పొట్లములను అసలే చేర్చరాదు. చక్కెర ఏ కొంచెము కలిసినను సిమెంటు గట్టిపడుట ఆలస్యమగును. పాకము అంటిన పది పొట్లములు తొట్టెడు గుజ్జును చెరుపజాలును.

కాగితమును చిన్న ముక్కలుగా చించి, మునుగునంత నీరుపోసి, రెండు మూడు దినములు నాననిచ్చి, కఱ్ఱతో చిలుకవలెను. అక్షరములు గల ముక్క ఒక్కటియు కనబడనంతవరకు చిలుకవలెను. ఈ పనికి ఓపిక కావలెను; ఇక్కడ చేసిన తొందర ఫలితము నెల దినముల తరువాత బయటపడును. పిదప గుజ్జును పలుచని గుడ్డలో వేసి, చేతికి ముద్దగా వచ్చునంతవరకు నీరు పిండి, సిమెంటును ఇసుకను చల్లుచు అంతటను సమముగా కలియునట్లు కలుపవలెను. తడి సిమెంటు చర్మమును తినివేయును. కంటబడినచో మిక్కిలి ప్రమాదము. కావున పెద్దల సమక్షమున, రబ్బరు తొడుగులు ధరించి, పొడి ఎగురునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని ఈ పని చేయవలెను.

కలిపిన ముద్దను అడుగులేని కొయ్య అచ్చులో నింపి, మూలలు ఖాళీ లేకుండ అదిమి, అచ్చును మెల్లగా పైకి తీయవలెను. ఇటుకను జల్లివంటి బల్లపై నీడన ఉంచవలెను. ఎండలో పెట్టినచో పైభాగము త్వరగా ఆరి ముడుచుకొనును. లోపలి సిమెంటునకు నీరు చాలదు. నాలుగైదు దినములకొకమారు ఇటుకను తిరగవేయవలెను. సిమెంటు బలమును లెక్కించుటకు 28 దినములు గడువుగా పెట్టుకొనుట ఇంజనీర్ల ఆచారము. ఆ గడువు తీరి, ఇటుక లోపలి తడి కూడ ఆరినట్లు తూకము నిలకడగా వచ్చిన పిదపనే పరీక్షకు పూనుకొనవలెను. ఆరునప్పుడు ఇటుక కుదించుకొనును. అచ్చు కొలతను, ఆరిన ఇటుక కొలతను వ్రాసి ఉంచినచో ఎంత కుదించుకొనెనో తెలియును. ప్రతి ఇటుకపైనను ఒక సంఖ్యయు, చేసిన తేదియు, పాళ్ళును గుర్తు వేయవలెను. గుర్తులేని ఇటుక ఎంత గట్టిదైనను దానివలన నేర్చుకొనగలిగినది లేదు.

ఇటుక చేతికి వచ్చినది. చూచుటకు చక్కగా ఉన్నది. గోటితో గీచినను రాలుటలేదు. క్రింద పడవేసినను పగులుటలేదు. ఇంతమాత్రమున ఇల్లు కట్టుటకు తగునని చెప్పవచ్చునా? గోడయనగా ఆట వస్తువు కాదు. దాని నీడన పసిబిడ్డలు నిద్రింతురు. వృద్ధులు దానికి చేరగిలబడుదురు. గోడను చేసినవాడు దాని క్రింద ఉండకపోవచ్చును. దానిని నమ్మినవారు ఉందురు. కావున ఇటుకకు పరీక్ష తప్పదు.

మొదటి పరీక్ష తూకము. మన దేశమున ప్రమాణముగా నిర్ణయింపబడిన కాల్చిన ఇటుక పొడవు 19 సెంటీమీటర్లు, వెడల్పు 9, ఎత్తు 9. దాని ఘనపరిమాణము 1539 ఘన సెంటీమీటర్లు. అట్టి మట్టి ఇటుక రెండున్నర మొదలు మూడు కిలోల వరకు తూగును. అదే పరిమాణము గల కాగితపు ఇటుక ఒక కిలో తూగినదనుకొందము. 1000 గ్రాములను 1539 చేత భాగించినచో సాంద్రత సుమారు 0.65 వచ్చును. నీటి సాంద్రత 1. కావున ఈ ఇటుక నీటిలో తేలును.

తేలెడు ఇటుక తెలుగుదేశమునకు వింత కాదు. నేటి తెలంగాణమున ములుగు జిల్లా పాలంపేటలో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప దేవాలయపు శిఖరమున వాడిన ఇటుకలు నీటిలో తేలునంత తేలికైనవి. అవి కాల్చిన మట్టితో చేసినవి. లోపల సన్నని రంధ్రములు నిండి ఉండుటవలన వానికి ఆ తేలికదనము కలిగెను. 2021లో యునెస్కో సంస్థ ఆ దేవాలయమును ప్రపంచ వారసత్వ కట్టడముల పట్టికలో చేర్చెను. ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. ఆ శిల్పులు తేలిక ఇటుకను శిఖరమునందు వాడిరి. క్రింది స్తంభములపై భారము తగ్గవలసిన చోట తేలికదనము గుణము. ఏ వస్తువు ఎక్కడ పెట్టవలెనో వారెఱుగుదురు.

రెండవ పరీక్ష నీరు. ఇటుకను 105 మొదలు 115 డిగ్రీల వేడి గల పొయ్యిపెట్టెలో తూకము మారకుండునంతవరకు ఆరబెట్టి, చల్లార్చి తూచుదురు. పిదప దానిని నీటిలో 24 గంటలు ముంచి ఉంచి, తీసి, తడిగుడ్డతో తుడిచి, మూడు నిమిషములలోపల మరల తూచుదురు. పెరిగిన బరువును పొడి బరువుచే భాగించి నూటితో హెచ్చవేసినచో నీటిని పీల్చు శాతము వచ్చును. సాధారణ తరగతుల కాల్చిన ఇటుక 20 శాతమునకు మించి పీల్చరాదని భారత ప్రమాణముల సంస్థ నియమము. కాగితపు ఇటుక మొదట తేలును. గడియలు గడచినకొలది నీరు త్రాగి బరువెక్కును. 1000 గ్రాముల ఇటుక నీటినుండి తీయునప్పటికి 1700 గ్రాములు తూగినచో అది 70 శాతము పీల్చినదన్నమాట. కాగితము పాలు ఎక్కువగా గల ఇటుకలు తమ బరువులో సగమునకు మించి నీరు పీల్చుట సామాన్యము. దాచిపెట్టరాని లోపమిది.

మూడవ పరీక్ష బలము. ఇటుకను యంత్రపు రెండు ఉక్కుపలకల నడుమ ఉంచి, భారమును క్రమముగా పెంచుచు, అది ఎంత భారమునకు ఓడునో చూచుదురు. ఆ భారమును ఇటుక పై ముఖపు వైశాల్యముచే భాగింపవలెను. 19ని 9తో హెచ్చవేసినచో 171 చదరపు సెంటీమీటర్లు. ప్రమాణములలో మిక్కిలి తక్కువ తరగతి కాల్చిన ఇటుకయు చదరపు సెంటీమీటరునకు 35 కిలోల భారము మోయవలెను. అనగా ఒక ఇటుక సుమారు 6000 కిలోలకు నిలువవలెను. కాగితపు ఇటుక బలము పాళ్ళను బట్టి మారును. చదరపు సెంటీమీటరునకు 10 మొదలు 30 కిలోల వరకు రావచ్చును. 15 కిలోలనుకొన్నచో ఇటుక మొత్తము మీద 2565 కిలోలు. వినుటకు పెద్ద సంఖ్యయే. కాని ప్రమాణములో సగము కూడ కాదు.

ఈ రెండు ఇటుకలు ఓడు తీరులోను భేదమున్నది. మట్టి ఇటుక పెళ్ళున పగులును. కాగితపు ఇటుక పగులదు. దూదిమూటవలె కొంచెము కొంచెముగా అణగిపోవును. ఎక్కడ ఓడెనో చెప్పుట కష్టము. కావున భారముతో పాటు, ఆ భారమునకు ఇటుక ఎంత కుదించుకొనెనో కూడ వ్రాయవలెను. నెలల తరబడి భారము మోసినచో అది ఇంకను అణగును.

కాల్చిన ఇటుకల బలమును చూచు పద్ధతిలో ఒక విశేషమున్నది. వానిని పొడిగా పరీక్షింపరు. నీటిలో నానబెట్టిన పిదపనే యంత్రమున పెట్టుదురు. వానలో తడిసిన గోడ కూడ నిలువవలెను గదా! కాగితపు ఇటుకను పొడిగా మాత్రమే పరీక్షించి, మట్టి ఇటుకతో పోల్చి, పరవాలేదనుట న్యాయము కాదు. తడిసిన కాగితపు ఇటుక బలము పొడిదాని కంటె మిక్కిలి తగ్గును. ఎక్కడ బలహీనత ఉండగలదో అక్కడనే ప్రశ్నించునది నిజమైన పరీక్ష.

ఇప్పుడొక చిక్కు. పరీక్షకు ఐదు ఇటుకలు పెట్టుట నియమము. ఒక విద్యార్థి పరీక్షింపగా నాలుగింటి బలము చదరపు సెంటీమీటరునకు 16, 17, 15, 16 కిలోలు వచ్చినదనియు, ఐదవది 9 కిలోలకే అణగినదనియు అనుకొందము. ఆ విద్యార్థికి ఒక ఆలోచన తోచవచ్చును. ఐదవదానిని ప్రక్కన పడవేసినచో సగటు సరిగా 16 వచ్చును; దానిని చేర్చినచో 14.6కు దిగును. ఒక్క చెడ్డ ఇటుక కొరకు నెల దినముల శ్రమను చిన్నబుచ్చుకొనుట ఎందులకు? ఇట్టి ఆలోచన పెద్ద పెద్ద పనులు చేయువారికిని కలుగుచుండును. కాని గోడలో చెడ్డ ఇటుకను ఎవరు ప్రక్కన పడవేయుదురు? ఐదింట ఒకటి చెడినదనగా వేయి ఇటుకల గోడలో అట్టివి ఎన్ని యుండునో ఊహింపవలెను. కాల్చిన ఇటుకల ప్రమాణములోను సగటు ఒక్కటియే చాలదు. ఏ ఒక్క ఇటుకయు నిర్ణయించిన కనీస సగటు బలము కంటె 20 శాతమునకు మించి తగ్గరాదను నిబంధన కలదు.

ఆ ఐదవ ఇటుకను కోసి లోపల చూచుట మంచిది. నడుమ సిమెంటు సోకని కాగితపు ముద్ద ఒకటి కనబడవచ్చును. చిలుకునప్పుడు చేసిన తొందర అదే. లేదా ఒక మూల ఖాళీ కనబడవచ్చును. అచ్చులో అదుముట చాలలేదన్నమాట. తక్కిన నాలుగు ఇటుకలు తాము బాగుంటిమని మాత్రమే చెప్పెను. ఓడిన ఇటుక పనిలో తప్పు ఎక్కడ జరిగెనో చెప్పుచున్నది. దానిని దాచినవాడు తన గురువును దాచినట్లే.

నిప్పు సంగతి కూడ తెలియవలెను. సిమెంటు చాలినంత ఉన్న కాగితపు ఇటుక మంటకు అంటుకొని భగ్గున మండదు. కాని వేడి లోపలికి దిగినచో కొన్ని గంటలపాటు పిడకవలె రాజుకొనుచుండును. పైకి ఆరినట్లు కనబడి లోపల రాజుకొను నిప్పు ప్రమాదకరము. ఈ పరీక్షను ప్రయోగశాలలో తెలిసినవారే చేయవలెను; విద్యార్థులు చేయరాదు.

లోపములను చెప్పుకొన్నట్లే గుణమును కూడ న్యాయముగా చెప్పుకొనవలెను. పీచు నడుమ నిలిచిన గాలి వేడిని సులభముగా దాటనీయదు. ఉన్ని కంబళి చలిని ఆపుటకు కారణమిదియే. ఈ ఇటుకలతో ఒక చిన్న పెట్టెను, మట్టి ఇటుకలతో అంతే పెట్టెను కట్టి, రెంటిలోను ఉష్ణమాపకములు పెట్టి, మూతలు వేసి, ఎండలో ఉంచి గంటగంటకు అంకెలు వ్రాసినచో ఈ గుణము కంటికి కనబడును. రంపముతో కోయవచ్చును, మేకు దిగగొట్టవచ్చును, ఒక్క చేతితో ఎత్తవచ్చును.

ఇన్ని తెలిసిన పిదప ఈ ఇటుక ఎక్కడ తగునో నిర్ణయింపవచ్చును. మూడు మీటర్ల ఎత్తు గోడలో అడుగు ఇటుకపై పడు గోడ స్వంత బరువును లెక్కింపుడు. సాంద్రత 0.65 అయినచో అది చదరపు సెంటీమీటరునకు సుమారు 0.2 కిలో మాత్రమే. పొడిగా ఉన్నంతవరకు ఆ బరువు ఈ ఇటుకకు ఒక లెక్క కాదు. కావున కాంక్రీటు స్తంభములు, దూలములు ఇంటి భారమును మోయుచుండగా, గదికి గదికి నడుమ అడ్డుగోడలుగా ఇవి చక్కగా పనిచేయును. ఇంటి కప్పును మోయుటకు తగవు. పునాదికిని, నేలనంటిన వరుసలకును, స్నానపు గదికిని అసలే తగవు. బయటిగోడకు వాడదలచినచో క్రింద రాతిపీఠము, పైన వెడల్పైన చూరు, ఇరువైపుల మంచి పూత ఉండవలెను. కందిరీగ తన కాగితపు ఇంటిని చూరు క్రింద కట్టుటలో తెలివి లేకపోలేదు.

దేశకాలములను కూడ చూడవలెను. న్యూ మెక్సికోలో సాలుకు సగటున కురియు వాన సుమారు 350 మిల్లీమీటర్లు. మన కోస్తా జిల్లాలలో సుమారు 1000 మిల్లీమీటర్లు; ఆపైన తుపానులు. అక్కడ నిలిచిన గోడ ఇక్కడను నిలుచునని తలచుట తగదు. ఎక్కువ కాలము చెమ్మ తగిలిన గోడకు బూజు పట్టును. అనంతపురమువంటి పొడి ప్రాంతమున దీనికి అనుకూలత కొంత ఎక్కువ. అక్కడను తడి పరీక్ష మానరాదు.

మరియొక లెక్క మిగిలినది. పాతకాగితముతో చేసినది గనుక ఈ ఇటుక ఉచితమని తలపరాదు. పైన చెప్పిన పాళ్ళలో పొడి సరుకు నూరు కిలోలైనచో అందు సిమెంటు 43 కిలోలు. అనగా కిలో ఇటుకలో సిమెంటు 400 గ్రాములకు పైబడును. ఒక టన్ను సిమెంటు తయారగునప్పుడు సుమారు 800 మొదలు 900 కిలోల వరకు బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. సున్నపురాయి కాలునప్పుడే దానినుండి ఆ వాయువు వెలువడును. కాగితము సంగతియు అట్టిదే. శుభ్రమైన పాతకాగితము మరల కాగితము కాగలదు. దానిని సిమెంటులో కలిపినచో ఇక ఎన్నటికిని కాగితము కాదు. అయితే కాగితమును మరల మరల గుజ్జు చేసినకొలది పీచు పొట్టియగును. కొన్ని మారులైన పిదప అది కాగితమునకు పనికిరాదు. కాగితపు మిల్లులలో మిగులు పొట్టిపీచు మడ్డియు అట్టిదే. ఇటుకకు మొదట వాడదగినవి అవి. మరల పుస్తకము కాగల కాగితమును పుస్తకముగానే బ్రతుకనిచ్చుట మేలు.

క్రొత్త వస్తువు వచ్చినపుడు కొందరు దానిని ఆకాశమునకెత్తుదురు. కొందరు చూడకయే త్రోసివేయుదురు. ఇరువురును తూకము వేయరు, నీట ముంచరు, అంకె వ్రాయరు. కాగితపు ఇటుకను నీట ముంచి, యంత్రమున నొక్కి, వచ్చిన అంకెలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసిన విద్యార్థి దానిని చూచి నవ్వడు, మురిసిపోడు. అడ్డుగోడకు తగును, పునాదికి తగదు అని చెప్పగలడు. ఇల్లు కట్టువానికి కావలసినది ఆ మాట.

ప్రశ్నలు

1. చేటకు పూయు కాగితపు ముద్దకును, కాగితపు ఇటుకకును గల పోలికలు, భేదములు తెల్పుము.
2. సిమెంటు ఎండుటవలన గట్టిపడునను మాట ఎందువలన పొరపాటు?
3. మిఠాయి పొట్లములను గుజ్జులో ఎందులకు చేర్చరాదు?
4. ఒక ఇటుక పొడి బరువు 1200 గ్రాములు. 24 గంటలు నానిన పిదప 1860 గ్రాములు. అది ఎంత శాతము నీరు పీల్చినది? కాల్చిన ఇటుకల నియమముతో పోల్చి చూపుము.
5. ఐదు ఇటుకలలో ఒకటి మిక్కిలి బలహీనముగా ఉన్నచో దానిని లెక్కనుండి తీసివేయవచ్చునా? కారణములు వ్రాయుము.
6. మీ ఊరి వానలను, ఎండలను దృష్టిలో నుంచుకొని, మీ ఇంటిలో ఏ గోడకు కాగితపు ఇటుక తగునో, ఏ గోడకు తగదో వివరింపుము.